అరుగు మీది తేళ్ల సీసాలు

మా ఆయన పోయాక పరామర్శకి వచ్చినవాళ్లలో చాలామంది కుర్చీలో కూర్చోబోయే ముందు ఒకసారి వంగి కుర్చీ కింద చూశారు. దారి పొడుగునా ఏడుస్తూ వచ్చినవాళ్లు కూడా ఆ పని చూసుకున్నాకే మళ్లీ ఏడ్చారు. నేనేమీ అనుకోలేదు. అంబాజీపేట దగ్గర మా ఇంట్లో చాలా ఏళ్లు తేళ్లూ జెర్రులూ కాపురం చేశాయి. అవన్నీ ఎప్పుడో తోటలోకి వెళ్లిపోయాయని చెప్పినా ఎవరికీ పూర్తి నమ్మకం కలగలేదు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఎంత మంచి మనిషండీ," అంటూనే కాళ్లు రెండూ పైకి తీసుకుని కుర్చీలో మఠం వేసుకుంది.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్లని కాస్త పొడుగు చేసి రాయడం చాలా పుస్తకాల్లో చూశాను. మా ఆయన పొట్టి. కొబ్బరితోట, కొంచెం వరి చేను ఉన్న రైతు. డిగ్రీ రెండో ఏడు మానేసి వచ్చి తోట చూసుకున్నారు. కాఫీ చల్లారితే చిరాకుపడేవారు, క్రికెట్ చూస్తూ నిద్రపోయేవారు. తేళ్ల సంగతి ఒక్కటీ తీసేస్తే ఆయన గురించి రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. అందుకని తేళ్ల సంగతే రాస్తున్నాను.

తేలు మంత్రం వాళ్ల వంశంలో ఉంది. మా మావగారు పోయే ముందు ఆయనకి చెప్పి వెళ్లారు. మంత్రంతోపాటు నియమాలు కూడా వచ్చాయి. కుట్టించుకుని వచ్చినవాళ్లని కాదనకూడదు. వాళ్ల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదు. కుడిచేత్తో వేపమండ పట్టుకుని నొప్పిని పైనుంచి కిందికి దించాలి. మైలలో మంత్రం వెయ్యకూడదు. గ్రహణం పట్టినప్పుడల్లా పీకల్లోతు నీళ్లలో నిలబడి మంత్రాన్ని మళ్లీ చదువుకోవాలి, లేకపోతే దాని బలం తగ్గిపోతుంది. తేలుని చంపకూడదు. పొట్లకాయ తినకూడదు. ఈ చివరిది మావగారు చెప్పిందో, పొట్లకాయ ఇష్టంలేక మా ఆయన కలుపుకున్నదో నాకు చివరిదాకా తెలియలేదు. అత్తగారిని అడిగితే, "మీ మావగారు శుభ్రంగా తినేవారు," అన్నారు.

పెళ్లయిన కొత్తలో ఆయన్ని అడిగాను.

"మీకు మంత్రం మీద నిజంగా నమ్మకం ఉందాండీ?"

"కుట్టించుకున్నవాడికి ఉంటుంది కదా. ఒకళ్లకుంటే చాలదా?"

ఇంతకంటే ఎక్కువ ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఒకటి మాత్రం చెప్పారు. తోటలో కొబ్బరి డొక్కల కుప్పల కింద దొరికే పెద్ద నల్ల తేలుని మేము మండ్రగబ్బ అంటాం. చూస్తే ప్రాణం పోతుంది గాని, కుడితే పోదు. ఆ మంట పూటలో అదే తగ్గుతుంది, మంత్రం వేసినా వెయ్యకపోయినా. చిన్నగా, పలచగా, చూడ్డానికి ఏమీ లేనట్టుండే ఎర్రతేలు అలా కాదు. అది కుడితే చెమటలు పడతాయి, వాంతులవుతాయి, చేతులు చల్లబడతాయి, గుండె మీదికి వస్తుంది. మావగారి రోజుల్లో ఒక మనిషికి ఇలాగే ఎర్రతేలు కుడితే, ఈ అరుగు మీదే కూర్చోబెట్టి మధ్యాహ్నమంతా మంత్రం వేశారట. సాయంత్రానికి ఆ మనిషి లేడు. మా ఆయన ఆ రోజు అక్కడే ఉన్నారు.

అందుకని తన చేతికి మంత్రం వచ్చాక ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరొచ్చినా ముందు మంత్రం వేసేవారు. నల్లది కుట్టినవాళ్లని మజ్జిగిచ్చి ఇంటికి పంపేవారు. ఎర్రది కుట్టినవాళ్లతో, "ఇప్పుడు అమలాపురం ఆస్పత్రికి వెళ్లండి. మంత్రం వేసేశాను, అది దారిలో పనిచేస్తా ఉంటుంది," అనేవారు. వాళ్లు వెళ్లేవారు. ఇదే మాట డాక్టరు చెబితే వినేవారు కారు. చుట్టుపక్కల ఊళ్లలో సూది మీద అంత గురి లేదు, మంత్రం పడకుండా సూది పడితే విషం తలకెక్కుతుందని ఒక భయం కూడా ఉండేది. మంత్రం తెలిసినాయనే వెళ్లమంటే ఇక ఎదురు చెప్పేవాళ్లు లేరు.

అయితే ఏ తేలు కుట్టిందో తెలియాలి కదా.

"ఎలా ఉందండీ తేలు?"

"తేల్లాగే ఉందండి."

"నల్లగా ఉందా, ఎర్రగా ఉందా?"

"నల్లగానేనండి, కొంచెం ఎర్రగా ఉందండి."

ఈ సంభాషణ విని విని, తొంభైల మధ్యలో ఒకరోజు ఆయన ఊరగాయ పెట్టుకునే పెద్ద గాజు సీసాలు రెండు నన్నడక్కుండా పట్టుకెళ్లి, ఒకదాన్లో మండ్రగబ్బని, ఇంకోదాన్లో ఎర్రతేలుని వేసి అరుగు మీద పెట్టారు. వచ్చినవాళ్లు వేలు పెట్టి చూపించేవారు, "ఇదండీ బాబుగారూ, ఈయనేనండి." కొందరు రెండూ కాదనేవారు. వాళ్లని కరిచింది జెర్రి అని తేలేది. అందుకని మూడో సీసాలో జెర్రి వచ్చింది. జానెడు పైన ఉండేది. మిగతా సీసాల మూతలకి చిల్లులు పొడిస్తే సరిపోయింది గాని, దీని మూత మీద ఇటుక కూడా పెట్టాల్సి వచ్చింది.

అలా పనికోసం తెచ్చినవి నెమ్మదిగా ఇంట్లో మనుషులైపోయాయి. కొబ్బరి పొట్టు తడిపి సీసాల్లో పరుపు వేసేవారు. దాక్కోవడానికి చిప్ప ముక్క బోర్లించేవారు. మా ప్రాంతం మనిషి కాబట్టి వాటితో కూడా మర్యాదగానే మాట్లాడేవారు. పట్టకారుతో చిప్ప ఎత్తుతూ, "కొంచెం పక్కకి జరగండి, పొట్టు మార్చాలి," అనేవారు. మండ్రగబ్బని ఆవిడ అనేవారు, జెర్రిని ఈయన అనేవారు. నన్ను మాత్రం 'ఇదిగో' అని పిలిచేవారు.

తిండి దగ్గర వచ్చింది చిక్కు. వాటికి బొద్దింకలు కావాలి. మా ఇంట్లో బొద్దింకలు కొద్దిరోజుల్లోనే అయిపోయాయి. ఆయన పక్కింటికి వెళ్లి, ఆ ఇంటావిడని ఎంతో వినయంగా, "మీ వంటింట్లో బొద్దింకలేమైనా ఉంటే ఇప్పిస్తారాండీ?" అని అడిగి వచ్చారు. ఆవిడ మొహం కందగడ్డైపోయిందట. "మా ఇంట్లో అలాంటివి ఉండవండీ, రోజూ కడుక్కుంటాం," అందట. తరవాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు పనిమనిషి చేత మూత బిగించిన డబ్బా ఒకటి పంపింది. ఎక్కడివో చెప్పొద్దందని పనిమనిషి చెప్పింది. ఆ డబ్బా అప్పటినుంచి వారం వారం వచ్చేది. వీధిలో ఇంకో రెండిళ్లనుంచి కూడా వచ్చేవి. ఒకరింట్లో ఉన్నాయని ఇంకొకరికి తెలియకూడదు. ఆ రహస్యాలన్నీ నా దగ్గర ఉండేవి.

అత్తగారికి ఇదంతా గిట్టలేదు. జెర్రి చెవిలో దూరుతుందని ఆవిడ రోజంతా రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని తిరిగేవారు. మేము భోజనానికి పిలిస్తే వినబడేది కాదు. వచ్చాక, పిలవలేదని దెబ్బలాట.

"అరిచి పిలిచేనండీ అత్తయ్యగారూ!"

"ఏంటమ్మా గొణుగుతావ్? మనసులో లేనప్పుడు పైకి రాదులే."

ఆవిడ మారడానికి కారణం మండ్రగబ్బ. ఒక వానాకాలం అది పిల్లలు పెట్టింది. తెల్లటి బియ్యపు గింజల్లాంటి పిల్లలు తల్లి వీపు మీద ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. తల్లి అంత బరువూ మోస్తూ కదలకుండా ఉంది. అత్తగారు వచ్చి సీసా ముందు పీట వేసుకుని చాలాసేపు చూశారు. చెవుల్లో దూది తీసేశారు. ఆ రోజునుంచి వీధి తలుపు గట్టిగా వెయ్యకూడదు. రేడియో పెట్టకూడదు.

"ఒరేయ్, బాలింతకి అవే బొద్దింకలు పెడతావేంట్రా? అరగద్దూ?" అని కొడుకుని కోప్పడ్డారు.

"మరేం పెట్టమంటావమ్మా, కారప్పొడీ నెయ్యీనా?"

"చిన్నచిన్నవి ఏరి పెట్టు. పెద్దవి ఆయనకెయ్యి," అన్నారు జెర్రి సీసా వైపు చెయ్యి చూపిస్తూ.

ఇదిలా ఉండగా, ఊళ్లో ఒక మాట పుట్టి గట్టిపడింది. మా ఆయన్ని ఏదీ కుట్టదని. నిజంగానే అన్నేళ్లలో ఒక్కటీ కుట్టలేదు. దానికి కారణం పొడుగాటి పట్టకారు, పక్కన ఎవరున్నా సీసా మూత తియ్యకపోవడం. ఊరు అలా అనుకోలేదు. ఆయన వేలు చూపిస్తే తేలు కొండి దించేస్తుందన్నారు. ఆయన గుమ్మం తొక్కితే జెర్రి దారిస్తుందన్నారు. ఆయన అవునని ఎప్పుడూ అనలేదు, కాదని కూడా అనలేదు. నేను ఒకసారి ఎత్తిపొడిచాను.

"ఆ పేరు బాగానే ఉంది మీకు."

"నా పేరుకేముందే. పలివెల వైపు ఒకాయన మంత్రం వేస్తాడు, తెలుసు కదా? ఆస్పత్రి మాటెత్తితే ఆయనకి కోపం. కుట్టించుకున్నవాడిని రోజంతా కూర్చోబెడతాడు. నన్ను కూడా కుట్టిందని తెలిస్తే ఇక్కడికొచ్చేవాళ్లంతా అక్కడికి పోతారు. అక్కడ ఎర్రతేలు కేసు పడిందనుకో, ఇంక అంతే."

ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు. నాకు ఆ రోజు అర్థమైంది, ఆయన ఇంత జాగ్రత్తగా కాపాడుకుంటున్నది పట్టుమని పది మంది మెచ్చుకోలుని కాదని. తన మాట విని జనం ఆటో ఎక్కాలి. ఆ మాటకి బలం ఆయన్ని ఏదీ కుట్టదన్న నమ్మకంలోంచి వస్తోంది. అది పోతే మాట పోతుంది.

మండ్రగబ్బ పిల్లలు ఇంకా తల్లి వీపు దిగకముందే, ఆ వారంలోనే, కేబుల్ టీవీ వాళ్లు వచ్చారు. అప్పటికి ఊరూరా లోకల్ ఛానళ్లు వచ్చేశాయి. పెళ్లిళ్లు, తీర్థాలు, రొయ్యల చెరువులో పడిన గేదె, అన్నీ చూపించేవారు. మోటారుసైకిల్ మీద ఇద్దరొచ్చారు. ఒకతని దగ్గర కెమెరా, ఒకతని దగ్గర మైకు. వీధిలో జనం పోగయ్యారు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. సీసాలన్నీ వరసగా పెట్టి, ఏది కుడితే ఏమవుతుందో, ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలో బాగా చెప్పారు. మైకు అతనికి అది పట్టలేదు. ఆయన పట్టకారు తీసుకుని జెర్రి సీసా దగ్గరికి వెళ్తుంటే ఆపాడు.

"సార్, ఆ పట్టకారు బాగోలేదండి. భయపడతన్నట్టుంది. చేతిమీద పెట్టుకోండి సార్."

"చేతిమీదెందుకండీ?"

వీధిలోంచి ఎవరో అన్నారు. "పెట్టుకోండి బాబుగారూ! మిమ్మల్నేం చేత్తాదండీ అది!"

ఇంకొకరు, "ఈయన్నే? కొండి కూడా ఎత్తదండి," అన్నారు. అది జెర్రి. దానికి కొండి ఉండదు. కాని ఆ మాటకి అందరూ తలలూపారు.

మా ఆయన నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన జెర్రి సీసా మీద ఇటుక తీశారు.

అది మెల్లగా ఆయన కుడి అరచేతిలోకి పాకింది. కెమెరా దగ్గరికొచ్చింది. "చూడండి," అన్నారు ఆయన, "ఇది జెర్రండి. మనం దీని జోలికి వెళ్లకపోతే ఇది మన జోలికి..."

ఆగారు. తరవాత, "రాదండి," అన్నారు.

అప్పటికి నేను ఆయనతో పదిహేనేళ్ల పైన కాపురం చేశాను. ఆ 'రాదండి' ఆయనది కాదు.

"సూపర్ సార్," అన్నాడు కెమెరా అతను. "కొంచెం ఇటు తిప్పండి."

"తిప్పుతానండి. తప్పకుండా తిప్పుతానండి. మీరు చెప్పడం, నేను తిప్పకపోవడమాండీ?"

"కొంచెం పైకి సార్."

"పైకి కూడా ఎత్తుతానండి. తమరు ఎక్కడికి ఎత్తమంటే అక్కడికి ఎత్తుతానండి. తమరు ఇంతదూరం రావడమే మా అదృష్టమండి."

జన్మలో ఆయన ఎవరినీ తమరు అనగా నేను వినలేదు. నొప్పి పెరుగుతున్నకొద్దీ మర్యాద పెరుగుతోంది. నుదుటి మీద చెమట పట్టింది. ఆయన చెయ్యి సీసా మూతి దగ్గరికి తీసుకెళ్లి, అది వదిలి లోపలికి జారేదాకా ఆగి, మూత బిగించి, ఇటుక ఎత్తి పెట్టి, "తమరు అనుమతిస్తే లోపల చిన్న పని చూసుకుని వస్తానండి," అని మైకు అతనికి దణ్ణం పెట్టబోయి, చేతులు కలపలేక మానేసి, నెమ్మదిగా నడిచి లోపలికి వచ్చారు. వంటింటి గుమ్మం దాటగానే గోడకి చేరగిలబడ్డారు.

"కరిచిందే."

"చూశాను."

"అరవకు."

"నేనెందుకు అరుస్తానండీ? కరిచింది మిమ్మల్ని."

"నా బదులు అరుస్తావేమోనని."

పొయ్యి మీద వేణ్నీళ్లున్నాయి. ఓర్చుకోగలిగినంత వేడిగా బేసిన్లో పోస్తే చెయ్యి ముంచారు. ఇంకో చేత్తో తువ్వాలు నోట్లో కుక్కుకున్నారు. అత్తగారు వచ్చి చూసి, "ఏంట్రా, తువ్వాలు నముల్తున్నావ్? ఆకలేస్తే చెప్పొచ్చు కదా," అన్నారు. నేను సంగతి చెప్పాను. ఆవిడ, "అయ్యో నాయనా," అని మొదలుపెట్టబోతే ఆయన తువ్వాలు తీసి, "అమ్మా, నెమ్మది!" అని మళ్లీ పెట్టేసుకున్నారు.

వీధిలోంచి కెమెరా అతను పిలుస్తున్నాడు. "సార్, ఇంకొక్కసారి చేద్దామండి! ఇందాక మబ్బు పట్టేసింది!"

అప్పుడే ఆటో ఆగిన చప్పుడైంది. నేను బయటికి వెళ్లాను. ముమ్మిడివరం అవతల చెరువులున్న రైతు ఒకాయన, పక్కన ఆయన భార్య. చెరువు గట్టు మీద మేత బస్తా ఎత్తుతుంటే వేలి మీద కుట్టిందట. అరుగు ఎక్కేలోపే ఒకసారి వాంతి చేసుకున్నాడు. చొక్కా తడిసిపోయింది. అడక్కుండానే వేలితో సీసా చూపించాడు. ఎర్రతేలు.

"మీరు తిన్నగా ఆస్పత్రికి వెళ్లిపోండి," అన్నాను.

"వెళ్తావండీ," అంది భార్య, "బాబుగారు మంత్రం వేసెయ్యగానే వెళ్లిపోతావండి. మంత్రం పడకుండా సూది పడకూడదంట కదండీ."

నేను లోపలికి పరుగెత్తాను. ఆయన బేసిన్లోంచి చెయ్యి తీసి చూపించారు. బూరెలా పొంగింది. వేళ్లు ముడుచుకోవడం లేదు. వేపమండ పట్టుకోవడం కల్ల. ఎడమచేత్తో వేస్తే ఎందుకని అడుగుతారు.

"మైలని చెప్పు," అన్నారు ఆయన. "ఇవాళ మంత్రం పనికిరాదు, సూదే గతి అని చెప్పు. వెళ్తారు."

నేను వెళ్లి చెప్పాను. "మైల వచ్చిందండి. ఇవాళ మంత్రం వెయ్యకూడదు. మీరు ఆస్పత్రికి బయల్దేరండి."

అబద్ధం ఆడడంలో నాకు అనుభవం లేదు. మైల అంటే తరవాత ప్రశ్న ఏమిటో మేమిద్దరం ఆలోచించలేదు.

"అయ్యయ్యో!" అన్నారు వీధిలో జనం. "ఎవరండీ? పెద్దమ్మగారాండీ?" ఒకాయన అప్పుడే తలగుడ్డ తీసేశాడు. "పొద్దున్న కూడా చూసేనండీ, బాగానే ఉన్నారు పాపం!"

సరిగ్గా ఆ మాటకి అత్తగారు గుమ్మంలోకి వచ్చారు.

తలగుడ్డ తీసినాయన దాన్ని మళ్లీ చుట్టుకున్నాడు. అత్తగారు జనాన్ని ఒకసారి చూసి, "నేను కాదర్రా. చావు మైల కాదు. పురుడు," అన్నారు.

"పురుడాండీ? ఎవరికండీ?"

అందరూ నా కడుపు వైపు చూశారు. నా జుట్టు అప్పటికే సగం నెరిసింది. అత్తగారు నా ఇబ్బంది గమనించి, ఏమాత్రం తడుముకోకుండా మండ్రగబ్బ సీసా వైపు చెయ్యి చూపించారు. "ఆవిడకి."

కెమెరా మండ్రగబ్బ మీదికి తిరిగింది. అది పిల్లల్ని మోస్తూ కూర్చుని ఉంది. వీధిలో కొందరు నవ్వారు. ఇద్దరు ముగ్గురు మాత్రం అది సబబుగానే ఉందన్నట్టు తలూపారు. మంత్రం ఉన్న ఇంట్లో తేలు పిల్లల్ని కంటే అది పురుడు కాక మరేమిటి? రైతు భార్య ఆ ముగ్గురి పక్షం. ఆవిడ మొగుడి భుజం పట్టుకుని లేపింది.

"అయితే ఇక్కడ కుదర్దంటండి. లెగండి, పలివెల పోదాం. అక్కడాయన వేస్తాడంట."

ఆ మనిషి లేవలేక లేచాడు. చేతులు వణుకుతున్నాయి. నేను, "పలివెల వద్దండీ, ఆస్పత్రికి వెళ్లండి," అంటూనే ఉన్నాను. నా మాటకి విలువెక్కడిది? ఆటో డ్రైవరు పలివెల వైపు బండి తిప్పుకుంటున్నాడు.

మా ఆయన తువ్వాలు చుట్టిన చెయ్యి ఎత్తి పట్టుకుని బయటికొచ్చారు. జనం దారిచ్చారు. ఆయన నా వైపు చూడలేదు. ఎడమచేత్తో తువ్వాలు విప్పి, కుడిచెయ్యి ఆ రైతు మొహం ముందు పెట్టారు.

"ఇది చూడండి. జెర్రి కరిచింది. ఇందాక ఈ కెమెరా ముందే కరిచింది. మైలా లేదు, పురుడూ లేదు. ఈ చేత్తో వేపమండ పట్టుకోలేక అబద్ధమాడించేను. నేను సూది వేయించుకోడానికి వెళ్తన్నాను. మీరూ రండి. ఒకే ఆటోలో పోదాం."

"బాబుగార్ని కరిచిందా?" అన్నారెవరో, నమ్మలేక.

"కరిచిందండీ," అన్నారు ఆయన. "చాలా గట్టిగా కరిచిందండీ. ఓరి నాయనోయ్!"

అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఆ ఒక్క కేకలో వచ్చింది. పక్కింటావిడ మేడ మీదికి వచ్చి చూసింది. మైకు అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. కెమెరా అతను మాత్రం వెయ్యలేదు.

ఆ కేకే పనిచేసిందని నేను అనుకుంటాను. రైతు మారుమాట లేకుండా ఆటోలో కూర్చున్నాడు. వెనక సీట్లో నలుగురం ఇరుక్కున్నాం. కాలవగట్టు రోడ్డు గోతుల్లో బండి ఎగిరినప్పుడల్లా మా ఆయన బాహాటంగా కేకలు పెట్టారు. ఇక దాచాల్సింది ఏమీ లేదు కదా. రైతు ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, "ఓర్చుకోండి బాబుగారూ, వచ్చేత్తాం, వచ్చేత్తాం," అని ధైర్యం చెబుతున్నాడు. కాస్త దూరం వెళ్లాక ఆ చెయ్యి చల్లగా ఉన్నట్టు నాకు మా ఆయన మొహంలో తెలిసింది. కేకలు ఆపేశారు. ఎడమచెయ్యి అతని భుజం మీద వేసి పెదాలు కదపడం మొదలుపెట్టారు. వేపమండ లేదు, కుడిచెయ్యి లేదు. ఇంజను మోతలో మాటలు వినబడలేదు. అమలాపురం వచ్చేదాకా ఆపలేదు.

ఆస్పత్రిలో నర్సు మా బృందాన్ని చూసి, "ఇద్దర్నీ ఒకటే కరిచిందాండీ?" అంది.

"కాదండి," అన్నారు మా ఆయన. "ఆయన్ది ఎర్రతేలండి. మాది జెర్రండి. మాది పెంపుడుదండి."

ఆయనకి ఒక ఇంజక్షను చేసి పంపేశారు. రైతుని లోపల ఉంచేశారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం మొదలైందట. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు చెప్పాడు. కొన్నాళ్లకి ఆయన నడుచుకుంటూ మా ఇంటికొచ్చాడు, సంచీలో చెరువు చేపలతో. మంత్రానికి ఏమీ పుచ్చుకోకూడదని మా ఆయన వద్దన్నారు. అత్తగారు, "ఆటోలో వేసింది లెక్కలోకి రాదురా, మండ లేదు కదా," అని చేపలు లోపలికి తీసుకెళ్లిపోయారు.

కేబుల్ వాళ్లు కేకతో సహా అంతా వేశారు. పురుడు కూడా వేశారు. జనానికి బాగా నచ్చి మళ్లీ మళ్లీ వేయించుకున్నారు. ఆ తరవాత మా అరుగు ఖాళీ అయిపోయింది. ఒకరోజు బజార్లో విన్నాను. "అలా కాదండి, ఆయన్ది తేలు మంత్రం. జెర్రి వేరే డిపార్టుమెంటండి," అని ఒకాయన మా తరఫున వాదిస్తున్నాడు. ఎక్కువమంది అలా అనలేదు. ఆయన రోజూ పొద్దున్నే సీసాల్లో పొట్టు మార్చి, వాలు కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చునేవారు. ఏ ఆటో వెళ్లినా పేపరు దించేవారు. పలివెల వైపు వెళ్తోందా, అమలాపురం వైపు వెళ్తోందా అని చూసేవారు. ఒక్కోసారి లేచి గేటుదాకా వెళ్లేవారు. నేను చూడనట్టు ఉండేదాన్ని.

నెల దాటాక ఒక ఆటో అమలాపురం వైపు పోతూ మా ఇంటి ముందు ఆగింది. ఇంజను ఆపలేదు. లోపల కొబ్బరి ఒలిచే ఆవిడ కాలు పట్టుకుని ఉంది. దిగలేదు.

"బాబుగారండీ, ఆస్పత్రికే వెళ్తన్నావండి. తమరంతటి వారే వెళ్లేరు, మేమెంతండి. ఒక్కసారి మంత్రం ఊదేసి వెళ్లమంటే వెళ్లిపోతావండి."

ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటారు. రోడ్డు మీదే నిలబడి, వేపమండతో దించి, డ్రైవరు భుజం తట్టారు. "ఆయ్, వెళ్లండి. ఎక్కడా ఆగకండి."

అప్పటినుంచి అదే వాడుకైంది. ఆటోలు ఇంజను ఆపకుండా మా గేటు ముందు ఒక్క నిమిషం ఆగేవి. సీసాలు చూపించి అడిగే పని కూడా లేకపోయింది, ఏది కుట్టినా అందరూ ఆస్పత్రికే వెళ్తున్నారు. ఒక వానాకాలం సీసాలన్నీ డొక్కల కుప్ప దగ్గరికి తీసుకెళ్లి ఆయనే మూతలు తీసేశారు. ఆ తరవాత ఊరగాయ సీసాలు కడిగి నాకు తెచ్చిచ్చారు. వాటిలో ఊరగాయ పెడితే తినేవాళ్లెవరని అడిగితే, నాలుగుసార్లు కడిగానన్నారు.

ఇప్పుడు ఆయన లేరని అందరికీ తెలుసు. అయినా ఒక్కోసారి ఆటో వచ్చి ఆగుతుంది, డ్రైవరు అలవాటుకొద్దీ ఆపుతాడో, లోపలున్నవాళ్లు ఆపమంటారో. నేను గేటు దగ్గరికి వెళ్తాను. నాకు మంత్రం రాదు. ఆ సంగతి వాళ్లకీ తెలుసు.

"వెళ్లండి," అంటాను. "ఎక్కడా ఆగకండి."

వెళ్తారు.